ఆరువందల నలభై పోగులు

ఆయన మనిషిని చూసి పలకరించేవాడు కాదు, పట్టుకొని పలకరించేవాడు. పట్టుకోవడమంటే చెయ్యో భుజమో కాదు. కొంగు అంచు, చున్నీ కొస, కుర్తా చేతి మడత, ఏది అందితే అది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకసారి నలిపి, "కాటన్ అని చెప్పి అమ్మిండా నీకు? సగం పాలిస్టరు గిది. వాపస్ ఇచ్చి రాపో" అనేవాడు. ఆ తర్వాతే "మంచిగున్నవా బిడ్డా?" అన్న మాట వచ్చేది.

గత నెల ఒక బుధవారం ఉపవాస ప్రార్థన ముగించుకొని పురానాపూల్ దగ్గర మా చర్చి మెట్లు దిగుతుంటే ఫర్జానా ఆపా ఫోన్ చేసింది. "బాపు పోయిండు" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంది. ఆమె ఫోన్ పట్టుకొని అంతసేపు మాట్లాడకుండా ఉండడం నేనెన్నడూ ఎరగను. మళ్లీ మెట్లెక్కి లోపలికి వెళ్లి వెనక బెంచీ మీద కూర్చున్నాను. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకున్నాను. ఆయన వేళ్లు కనిపించాయి.

మా ఆర్ట్ కాలేజీలో ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించేది కాదు. అందరికీ బాపు. కాగితం మీద అటెండర్. చేసే పని, టెక్స్‌టైల్ విభాగం వెనకాల 'రీసెర్చ్ రూమ్' అని బోర్డున్న పొడుగాటి గదిలో మగ్గాన్ని చూసుకోవడం. ఆ గదిలో రంగు కాచే గిన్నెలు, నూలు చుట్టల బీరువా, పాత విద్యార్థులు నేసిన గుడ్డముక్కలు గుచ్చిన బోర్డు, కిటికీ పక్కన నాలుగు తొక్కుడుబద్దల మగ్గం ఒకటి ఉండేవి. నయాపూల్ మీది హారన్లు ఆ కిటికీలోంచి లోపలికి వచ్చి పడేవి. మగ్గం ఆడుతుంటే మాత్రం వినపడేవి కావు.

పోగు తెగితే ఆయన తెగిందనేవాడు కాదు, "అలిగింది" అనేవాడు. దాన్ని బుజ్జగిస్తూ ముడివేసేవాడు. కాచిన రంగునీళ్లను నాలుక కొసతో ముట్టి చూసి, "ఇంకో పొంగు రానీ" అని చెప్పేవాడు. పదకొండింటికి, రంగులు కాచే పొయ్యి మీదే చాయ్ పెట్టేవాడు. ఒకసారి ఫర్జానా ఆపా చాయ్‌లో చక్కెరకు బదులు పటిక పొడి వేశాడు. రంగు గుడ్డను వదలకుండా పట్టుకోవాలంటే ముందు పటిక నీళ్లలో ముంచుతాం, ఆ పటిక. ఆమె ఒక గుక్క తాగి ముఖం అష్టవంకర్లు తిప్పింది.

"క్యా బాపూ! నా నాలుకకు రంగెక్కిస్తవా ఏంది?"

ఆయన తొణకలేదు. "నీ నోట్ల ఒక్క మాట నిలుస్తలేదు. గందుకే ఏసిన" అన్నాడు.

ఫర్జానా ఆపా నాకు మూడేళ్లు సీనియర్. చదువైపోయాక ఆమె, ఇంకో ముగ్గురు కలిసి ఒక బృందంగా ఏర్పడి గౌలిపురలో ఒక పాలవాళ్ల ఇంటిమీది గది అద్దెకు తీసుకున్నారు. కింద బర్రెలు, పైన ఆర్టిస్టులు. అక్కడ రంగులు కాచుకోవచ్చు, గుడ్డ మీద కుట్టుకోవచ్చు కానీ మగ్గం పట్టదు. అందుకని శనివారం శనివారం కాలేజీకి వచ్చి బాపు గదిలో నేసుకునేవారు. ఎం.ఎఫ్.ఏ. రెండో సంవత్సరంలో నేనూ వాళ్లతో కలిశాను.

ఆ గదికి ఒక్కటే ఆజ్ఞ ఉండేది. అచ్చు బోడి చేయకూడదు.

అచ్చు అంటే, నిలువు పోగులు ఒక్కొక్కటి దూరి వచ్చే దారపు కళ్ల వరుస, దాని ముందుండే ఇనుప దువ్వెన, రెండూ కలిపి. ఒక గుడ్డ నేత అయిపోయాక పాత పోగులను అచ్చులోంచి తీసెయ్యరు. జానెడు కొస వెనకవైపు వదిలి, కొత్త పడుగులోని ఒక్కో పోగును పాత పోగు కొసకు అతుకుతారు. బాపు చిటికెడు బూడిద వేళ్లకు రాసుకొని, రెండు కొసలు కలిపి, దీపానికి వత్తి చేసినట్టు ఒక్కసారి పురిపెట్టేవాడు. అంతే, ముడి లేకుండా కలిసిపోయేవి. ఆరువందల నలభై పోగులు అట్లా అతికి ముందుకు లాగితే, కొత్త పడుగు పాతదాని వెంట నడిచి వచ్చేది.

"బోడి చేస్తే పాపం బిడ్డా," అనేవాడు. "పెద్దలు పెట్టిన పోగు ఇది. మన చేతుల తెగొద్దు."

వాక్యం వింటూ పెరిగినదాన్ని. పెద్దల పోగు అన్న మాట నాలో ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. విశ్వాసం ఒక తరం చేతినుంచి ఇంకో తరం చేతికి ఎట్లా వస్తుందో మా పాస్టరుగారు ఎన్ని ఆదివారాలు చెప్పారో, అదంతా నాకు ఆ మగ్గం మీద కనబడింది. నా పరిశోధన వ్యాసంలో ఒక అధ్యాయం మొత్తం ఈ ఆచారం మీదే రాశాను. కొత్తగా చేరిన పిల్లలకు, సండే స్కూల్లో చెప్పినట్టు, వేలెత్తి చెప్పేదాన్ని. ఇంకో పోగుల లెక్కలో, ఇంకా వెడల్పుగానో పల్చగానో నేద్దామని ఎవరైనా అడిగితే, బాపు కన్నా ముందు నేనే వద్దనేదాన్ని.

బాపు నా దేవుణ్ణి ఎగతాళి చేయలేదు. అట్లాగని ఊరికే ఒప్పుకోనూ లేదు. ఒక శుభ శుక్రవారానికి ముందు, కూనిరాగం తీస్తూ నేస్తుంటే ఏం పాట అని అడిగాడు. చెప్పాను. ప్రభువు అంగీకి కుట్టు లేదనీ, పైనుంచి కిందిదాకా ఒకటే నేతనీ, అందుకే సైనికులు దాన్ని చింపకుండా చీట్లు వేసుకున్నారనీ చెప్పాను.

"కుట్టు లేకుంట అంగీ ఎట్లొస్తది?" అన్నాడు.

"దేవుని కుమారునికి వస్తది బాపు."

"దేవుని కుమారునికి రావచ్చు. నేసినోడు మనిషే గదా? వానికెట్ల వచ్చింది?"

మూడు రోజులు ఆయన ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తొక్కుడుబద్దల మీద కాళ్లు పెట్టి, ఉత్తగా ఇటు ఒకటి అటు ఒకటి తొక్కి చూసుకునేవాడు. నాలుగోనాడు నన్ను పిలిచాడు. మగ్గం మీద, నడిమి పోగులు మాత్రం తీసుకొని, మూరెడు పొడుగు గొట్టం ఒకటి నేశాడు. దాంట్లో చెయ్యి మోచేతిదాకా దూర్చి నాకు చూపించాడు.

"ఇగో. పైన ఒక పొర, కింద ఒక పొర. అడ్డం పోగు తిరిగి తిరిగి వస్తది. ఎక్కడన్న కుట్టు ఉన్నదా చూడు. నువ్వు గూడ పెట్టు చెయ్యి."

పెట్టాను. లోపల వెచ్చగా ఉంది.

"వాళ్ల అమ్మనో ఎవరో నేసుంటరు," అన్నాడు. "మస్తు పనిమంతులు."

ఏటా ఆ మాట వింటున్నా నేసినవాళ్ల గురించి నేనెన్నడూ ఆలోచించలేదు. ఆ శుక్రవారం ఆరాధనలో మూడు గంటలూ నా మనసు ఆ అడ్డం పోగు వెంట తిరుగుతూనే ఉంది.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి.

నా చివరి పరీక్షకు నేసినది ఒక తెర, ప్రభువు సిలువ మీద ప్రాణం విడిచినప్పుడు దేవాలయంలో చినిగిన తెరలాంటిది. పైనుంచి సగం దాకా చినిగినట్టు ఉండి, ఒక కొసన పోగులు మూరెడు పొడుగు కుచ్చుగా వేలాడాలి. నేత ఒక శనివారం పొద్దున ముగిసింది. ఆ సోమవారమే కాలేజీకి ఒక కమిటీ రావాలి. పనిచేయని రీసెర్చ్ గదులు ఖాళీ చేసి కంప్యూటర్లు పెడతారట. మా విభాగం మేడం అప్పుడే బదిలీ మీద వచ్చింది. ముందురోజే అందరినీ పిలిచి చెప్పింది: "వాళ్లు వచ్చేసరికి మగ్గం ఆడుతూ కనబడాలి. లేకపోతే గది పోతుంది, బాపును గేటు దగ్గర వేస్తారు. నేనేమీ చేయలేను." కొత్త పడుగు అప్పటికే వెనక రోలరుకు చుట్టి సిద్ధంగా ఉంది. బాపు వచ్చి అతికితే చాలు.

గుడ్డ దించేటప్పుడు వెనక జానెడు వదిలి కోయాలి. ముందువైపు బెత్తెడు గుడ్డను మగ్గానికే ఉంచి, మిగతాది కోసుకోవాలి. అప్పుడే పాత పోగులు అచ్చులో నిలిచి ఉంటాయి. నేను వెనక కోశాను. ముందు కోయలేదు. కుచ్చు పొడుగ్గా రావాలన్న ఆశలో గుడ్డను రెండు చేతులా పట్టుకొని నా వైపుకు లాగాను. సర్రుమని ఒక చప్పుడు. మూరెడు కుచ్చు వచ్చి నా ఒళ్లో పడింది. ఎంత అందంగా ఉందో అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. తలెత్తి చూస్తే అచ్చులో ఒక్క పోగు లేదు.

బాపు చాయ్ గ్లాసులతో వచ్చాడు. గ్లాసులు కిటికీలో పెట్టి, అలవాటుగా అచ్చు వెనక చెయ్యి వేశాడు. చెయ్యి గాలిలో ఆడింది. మళ్లీ వేశాడు. ఈ కొసనుంచి ఆ కొసదాకా తడిమాడు.

"ఎవరు?"

"నేనే బాపు."

"అన్నీనా?"

"అన్నీ."

ఆయన తిట్టలేదు. స్టూలు కోసం చెయ్యి చాపి, దొరక్కపోతే నేల మీదే కూర్చున్నాడు. నేను ఏడుస్తూ క్షమించమన్నాను. "క్షమించుడు అటుంచు," అన్నాడు మెల్లగా. "సోమారం ఎట్ల?"

నాకు అర్థం కాలేదు. "దూర్చుదాం బాపు. ఎంతసేపు పడితే గంత. నువ్వు చేస్తుంటే నేను..."

శనివారం కాబట్టి అక్కడే ఉన్న ఫర్జానా ఆపా నా చెయ్యి పట్టుకొని బయట వరండాలోకి లాక్కుపోయింది.

"హౌలీ! ఆయనకు కనవడదు. సమఝైందా? సూది బెజ్జం కాదు, నీ ముఖమే సరిగ్గ కనవడదు. పటిక చాయ్ ఎందుకు తాగిపిచ్చిండు అనుకున్నవ్? నాకు ఆరోజే సమఝైంది. నేను ఎవ్వరికీ చెప్పలే. నాకు నోరు నిలవదని ఆయనే అన్నడు గదా, చూడు, నిలిచింది."

అతకడానికి కళ్లు అక్కర్లేదు, వేళ్లు చాలు. ఖాళీ అచ్చులో పోగు దూర్చడానికి కళ్లు కావాలి. ఇన్నేళ్లూ ఆయన వేళ్లతో నెట్టుకొచ్చిన ఉద్యోగం నా ఒక్క లాగుడుతో బయటపడబోతోంది.

మిగిలింది ఆదివారం ఒక్కటే. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆదివారం ఆరాధన తప్పలేదు. జ్వరంలో కూడా వెళ్లాను. సండే స్కూల్లో పిల్లలు ఎదురు చూస్తారు. పొద్దున్నే చీరకు బదులు పాత కుర్తా వేసుకొని బయల్దేరుతుంటే, మా సంఘంలో పెద్దగా ఉన్న మా డాడీ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆదివారం పూట పనా అమ్మా?"

"ఒకరికి అన్నాయం చేసిన డాడీ. కానుక అక్కడ్నే పెట్టి ముందు పోయి సరిచేసుకొని రమ్మన్నడు గదా ప్రభువు."

డాడీ పక్కకు జరిగి, "ఆకలైతది. డబ్బా పట్టుకపో" అన్నాడు.

గదిలో బాపు మగ్గం వెనక కూర్చున్నాడు, నేను ముందు. మా మధ్య దారపు కళ్ల వరుస. పడుగు పోగులు వరుస తప్పకుండా రెండు బద్దల మధ్య ఒకటి పైకి ఒకటి కిందికి పట్టి ఉంటాయి. ఆయన వేలితో ఆ వరుసలోంచి ఒక్కో పోగు ఏరి అందిస్తాడు. నేను సన్నటి కొక్కెం దారపు కంట్లోంచి పంపి, దాన్ని అందుకొని లాగుతాను. నా పక్కన కూర్చుని ఫర్జానా ఆపా దాన్ని దువ్వెన పంట్లోకి దించుతుంది. నాలుగు తొక్కుడుబద్దలకు కళ్లు నాలుగు వరుసలు, ఏ వరుసలో దూర్చాలో ఆయన చెప్తుంటాడు: ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్లీ ఒకటి.

వందో పోగు దాటాక నేనే అడిగాను. "ఎప్పటి సంది బాపు?"

"ఏడేండ్లాయె. ముంగట పొగ కమ్మినట్టు ఉంటది. పక్కల నుంచి ముందుగాల పోయింది, ఇప్పుడు నడుమకు వచ్చింది. మూడు."

"దవాఖానకు పోలేదా?"

"పోతే కాయితం రాస్తరు. కాయితం కాలేజీకొస్తది. గేటు కాడ కూసొని ఏం పట్టుకోవాలె నేను, గేటునా? నాలుగు."

"నన్ను క్షమించినవా బాపు?"

"ఒకటి. అందుకో."

మధ్యాహ్నం డబ్బా ముగ్గురం తిన్నాం. ఫర్జానా ఆపా ఆ మూలన నమాజు చేసుకొని వచ్చింది. బాపు చేతులు కడుక్కొని మళ్లీ కూర్చున్నాడు. నాలుగు వందల దగ్గర ఇంకోసారి అడిగాను. "గది ఉంటే అప్పుడు చూద్దాం తియ్. రెండు" అన్నాడు. నాకు తెలిసిన దేవుని దగ్గర అడిగిన వెంటనే క్షమాపణ దొరుకుతుంది. ఈ మనిషి దగ్గర దొరకడం లేదు. గుడ్లనీళ్లు కుక్కుకొని కొక్కెం పంపుతూ పోయాను.

సాయంత్రం ఐదింటికి ఆరువందల నలభయ్యో పోగు దూరింది. ఆయన ముందుకు వచ్చి కూర్చొని ఒక్కసారి బద్ద తొక్కాడు, అరచెయ్యి పోగుల మీద ఆడించాడు. "ఇక్కడ రెండు కొట్లాడుకుంటున్నయ్" అన్నాడు. చూస్తే నిజమే. రెండు పోగులు అడ్డం పడ్డాయి. తీసి సరిచేశాను.

సోమవారం కమిటీ వచ్చింది. బాపు మగ్గం మీద ఉన్నాడు. కళ్లు కిటికీ వైపు, చేతులు మగ్గం మీద. నాడె ఇటునుంచి అటు దూకుతుంటే ఒక్కసారి కూడా గుడ్డ వైపు చూడలేదు. కమిటీలో ఒక పెద్దాయన ముచ్చటపడిపోయాడు. "చూడండి, చూడకుండానే నేస్తున్నాడు! సాధన అంటే ఇదీ!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫర్జానా ఆపా అందరికన్నా గట్టిగా కొట్టింది. నేను కొట్టలేకపోయాను.

గది నిలిచింది. బాపు ఇంకో రెండేళ్లు అక్కడే పనిచేసి, దండ వేయించుకొని దిగిపోయాడు. నేను బృందంలో స్థిరపడ్డాను. శనివారాలు ఆ గదిలో కొత్త పిల్లలకు అతకడం నేర్పేదాన్ని. ఒకసారి మా సంఘంలో సాక్ష్యానికి లేచి, పెద్దల ఆజ్ఞ మీరి పోగు తెంచిన సంగతి అందరి ముందు ఒప్పుకొని ఏడ్చాను కూడా. మా బృందం ప్రదర్శన పెట్టినప్పుడు, అన్ని గుడ్డలూ ఒకే వెడల్పు, ఒకే లెక్క ఎందుకున్నాయని ఎవరో అడిగారు. 'పెద్దల పోగు' అని నేను రాసిన నాలుగు పేజీలు చేతిలో పెట్టాం. మెచ్చుకున్నారు.

పోయినేడు వానలప్పుడు ఆయన కబురుపెట్టాడు. గౌలిపురలో, మా గదికి రెండు సందుల అవతల ఆయన ఇల్లు. అప్పటికి చూపు పూర్తిగా పోయింది. డాక్టరు, లోపలి నరమే ఎండిపోయిందనీ ఆపరేషన్‌తో లాభం లేదనీ చెప్పాడట. గుమ్మం పక్క మంచం మీద కూర్చొని ఉన్నాడు. ఆయన భార్య నన్ను చూసి, "వచ్చిందయ్యా నీ ప్రార్థన బిడ్డ. నిన్నటి సంది ఒకటే లొల్లి, పిలువుమని" అంది.

ఆయన నా చున్నీ కొస నలిపి, కాటనే అని ఒప్పుకొని, కూర్చోమన్నాడు.

"నీకొకటి చెప్పాలె. అచ్చు బోడి చేస్తే పాపమని చెప్పిన గదా? పాపం గాదు బిడ్డా."

ఆయన నా చున్నీ కొస ఇంకా వదల్లేదు.

"మా నాయిన బేరం మారినప్పుడల్లా అచ్చు ఇప్పిండు. తువ్వాలకొక లెక్క, చీరెకొక లెక్క. అతికితే పని అల్కగైతదని అతుకుతరు, గంతే. పెద్దలు లేరు, పోగు లేదు."

"మరి ఎందుకు చెప్పినవ్ బాపు?"

"కండ్లు పోతున్నయని నాకు ఎరికైంది. మీరేమో దినానికొక కొత్త లెక్క అడుగుతరు. కొత్త లెక్కంటే మళ్ల దూర్చాలె. నాతోని కాదంటే ఎందుకు కాదంటరు. గందుకని దేవుని మీద ఏసిన. దేవుని పేరు చెప్తే ఎవ్వరు అడగలే. నువ్వయితే అసలుకే అడగలే."

బోర్డు మీద గుచ్చిన పాత గుడ్డలు గుర్తొచ్చాయి. ఆయన కళ్లు బాగున్ననాటివి. ఒక్కోటి ఒక్కో వెడల్పు, ఒక్కో లెక్క. అన్నేళ్లు రోజూ చూశాను. ఒక్కనాడూ వాటి పోగులు లెక్కపెట్టలేదు.

"అప్పుడు నువ్వు మూడుపాల్లు మాఫీ అడిగినవ్. ఏం చెప్పాలె నేను? నీ తప్పే లేకపాయె. మాఫ్ చేసిన అంటే ఇంకో అబద్ధం అయితది. అందుకే నోరు తెరవలే. ఇప్పుడు నేను అడుగుతున్న. నువ్వు చెయ్యి."

నేను తల ఊపాను.

"తల ఊపినవా ఏంది? నాకు కనవడదు. నోటితోని చెప్పు."

"మాఫ్ చేసిన బాపు."

"దిల్ సే?"

"దిల్ సే" అన్నాను. ఆ క్షణాన అది పూర్తిగా నిజం కాదు. సంఘం ముందు కార్చిన కన్నీళ్లు, రాసిన అధ్యాయం, నేను వేలెత్తి వద్దన్న పిల్లల ముఖాలు, అన్నీ అడ్డం వచ్చాయి.

"పిల్లలకు గూడ చెప్పు ఇగ."

"ఇప్పుడెందుకు బాపు? అందరు నిన్ను తిడ్తరు."

"తిట్టనీ. బతికుండంగనే తిట్టనీ. పోయినంక తిడితే నాకేం వినవడతది?"

చెప్పాను. ఫర్జానా ఆపా ముందు నమ్మలేదు, తర్వాత నవ్వింది, తర్వాత కోపం తెచ్చుకుంది, ఆ కోపంలోనే అందరికీ ఫోన్లు చేసింది. శనివారం తొమ్మిదిమందిమి ఆ ఇంటిమీద పడ్డాం. మంచం చుట్టూ, గుమ్మంలో, ఆయన భార్య బియ్యం డ్రమ్ము మీద కూడా కూర్చున్నాం.

"బాపూ! ఇన్నేండ్లు మమ్మల్ని ఉల్లూ బనాయించినవ్ గదా!"

"ఎవరు, ఫర్జానానా? ఇటు దిక్కు రా, ఈ చెవు మంచిగ వినవడతది. గట్టిగ తిట్టు."

తిట్టింది. మిగతావాళ్లూ తిట్టారు. ఆయన పెళ్లిలో పాటలు వింటున్నవాడిలా తల పక్కకు వంచి విన్నాడు. తిట్లు కాస్త అలిసిపోయాక ఒక్కొక్కరినీ అడిగాడు. "నువ్వేం నేద్దామనుకున్నవ్? నేను కానియ్యనిది?"

ఫర్జానా ఆపా గొంతు మారింది. "మా నానీ దుపట్టా. దోమతెర లెక్క పల్చగ. ఆమె పెట్టెల ఉండేది, చినిగిపోయింది. అసొంటిది నేసి ఆమెకు చూపెట్టాలనుకున్న. నానీ పోయింది బాపూ."

ఆయన ఆమె వైపు తిరిగాడు. "పన్నెండు వందల పోగులు," అన్నాడు. "బాగ సన్న నూలు. తడిబట్ట కింద పరిచి నెయ్యి. ఎండకు తెగుతది."

ఒక పిల్ల పట్టు పడుగు అంది. దానికీ లెక్క చెప్పాడు. ఇంకొకతె దుప్పటి అంది. చెప్పాడు. ఎవరు ఏది అడిగినా వేళ్లు మంచం పట్టె మీద ఆడించుకుంటూ, లెక్క, నూలు, ఎక్కడ తెగుతుందో, అన్నీ చెప్పాడు. ఎనిమిదిమందీ అయ్యారు.

"మరి మా ప్రార్థన బిడ్డ? నువ్వేం నేద్దామనుకున్నవ్?"

నేను వెతుక్కున్నాను. ఎంత వెతికినా ఏమీ లేదు. "నాకేం లేదు బాపు. ఆ లెక్కే చాలనుకున్న."

ఆయన ముఖం మొదటిసారి ముడుచుకుపోయింది.

"అయ్యో," అన్నాడు. "అందరికన్న నీకే ఎక్కువ అన్నాయం చేసిన. వాళ్లకు కావాలనన్న అనిపించింది."

ఆ రోజు 'దిల్ సే' అన్న మాట అప్పుడు పూర్తిగా నిజమైంది. ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఏదో ఒకటి అడగాలనిపించింది, ఆయన కోసం కాదు, నా కోసమే. నోటికి వచ్చింది అడిగాను.

"మా చర్చిల ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డ. తెల్లది. బజార్ల కొన్నదే ఉన్నది ఇప్పుడు."

"బల్ల వెడల్పెంత?"

నెలనెలా రొట్టె, ద్రాక్షరసం పంచే ముందు ఆ బల్ల తుడిచేది నేనే. వెడల్పు తెలియదు. లేచి నిలబడి, కళ్లు మూసుకొని, బల్ల ఎదుట నిలబడ్డట్టు అనుకొని, రెండు చేతులూ ఆ దూరానికి చాచి పట్టుకున్నాను.

"గింత."

ఆయన మంచం దిగి నిలబడ్డాడు. నా ఎడమ అరచేతిని తడిమి పట్టుకొని, అక్కడినుంచి గాలిలో జానలు వేసుకుంటూ నడిచాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగో జాన కొస నా కుడి అరచేతిని తాకగానే ఆగాడు. పెదవులు కదిలాయి, లెక్క కడుతున్నాడు.

"రెండువేల ఆరువందలు," అన్నాడు. "సన్నది. ఒక్కదానితోని కాదు, ముగ్గురు కూసోవాలె."

నేను చేతులు దించబోయాను.

"దించకు," అన్నాడు. "ఇంకోపాలి కొలుస్త. ఇది తప్పు పోవద్దు."